పది ఇచ్చేశాం సరే, మిగతా తొంభై ఎవరిది?

శాలరీలు పడే రోజులు కదా, ఈ వారం ఇన్‌బాక్స్ నిండా డబ్బు ప్రశ్నలే. వాటిలో రెండు మెసేజ్‌లు పక్కపక్కనే వచ్చాయి. ఆ రెండూ పట్టుకునే ఈరోజు మాట్లాడుకుందాం.

మొదటిది ఒక బ్రదర్ పంపాడు. "అన్నా, దశమభాగం గ్రాస్ మీద లెక్కేయాలా, ఇన్‌హ్యాండ్ మీద లెక్కేయాలా? పీఎఫ్ కట్ అయ్యేది కూడా కలపాలా?" దాంతోపాటు ఒక ఎక్సెల్ షీట్ స్క్రీన్‌షాట్ కూడా. నవ్వకండి, పాపం సీరియస్‌గానే అడిగాడు.

రెండోది ఒక తమ్ముడిది. పేరు, ఊరు చెప్పను. "అన్నా, నా జీతం 28 వేలు. నాన్నకి షుగర్, బీపీ, మందులు నేనే కొనాలి. చెల్లి ఫీజు కూడా నాదే. దశమభాగం తీస్తే మందులకి అప్పు చేయాలి. తీయకపోతే దేవుడి సొమ్ము దొంగిలించినట్టే అంటున్నారు. నేను దొంగనా అన్నా?"

చూడండి, ఒకరికి డబ్బు సరిపోతోంది, ఇంకొకరికి సరిపోవట్లేదు. కానీ ఇద్దరి మనసులో ఉన్న ఫార్ములా ఒకటే. పది శాతం దేవుడిది, తొంభై శాతం నాది. ఆ పది కరెక్ట్‌గా కట్టేస్తే ఫైల్ క్లోజ్. ట్యాక్స్ కట్టి రసీదు దాచుకున్నట్టు. నాకు ఈ ఫార్ములా మీదే అనుమానం.

ముందే ఒక మాట. దశమభాగం ఈ రోజుకీ ఆజ్ఞేనా, లేక అది ధర్మశాస్త్ర కాలానిదా, ఇప్పుడు మనస్ఫూర్తిగా ఎంతైనా ఇవ్వచ్చా అని సంఘాల మధ్య వేరువేరు అభిప్రాయాలు ఉన్నాయి. ఆ పంచాయితీ ఈరోజు తీర్చను. మీ సంఘంలో ఏది బోధిస్తారో మీకు తెలుసు. నా ప్రశ్న మిగతా తొంభై గురించి.

మన తెలుగు బైబిల్లో ఒక పెద్ద పదం ఉంది. గృహనిర్వాహకుడు. ఆదివారం విని సోమవారం మర్చిపోయే పదం. గ్రీకులో దాన్ని ఓయికొనొమోస్ అంటారు, ఎకానమీ అనే మాట కూడా ఆ కుటుంబంలోదే. ఇల్లు వేరేవాళ్ళది, చూసుకునేది మనం. అంతే దాని అర్థం.

ఇది మనకి అర్థమయ్యేలా చెప్తా. మీ బాబాయి అమెరికాలో ఉన్నాడు అనుకోండి. కూకట్‌పల్లిలో ఆయనకి ఒక ఫ్లాట్ ఉంది. అద్దె వసూలు చేసే పని మీకు అప్పగించాడు. నెలకి 25 వేలు వస్తుంది. మీరు ప్రతినెలా ఒకటో తారీఖుకల్లా, ఒక్క రోజు కూడా లేట్ చేయకుండా, 2,500 ఆయన అకౌంట్‌కి పంపిస్తున్నారు. మిగతా 22,500 మీ ఇష్టం. పైగా ఫోన్ చేసి "చూశావా బాబాయ్, నేనెంత నమ్మకంగా పంపిస్తున్నానో" అంటున్నారు. బాబాయి ఏమంటాడు? "ఒరేయ్, ఫ్లాట్ ఎవరిదిరా?" అంటాడు.

ఇప్పుడు ఇదే బాబాయి మొదట్లోనే మీకొక మాట చెప్పాడు అనుకోండి. "నీ ఖర్చులకి దాంట్లోంచే తీసుకో. నానమ్మ మందులు చూసుకో. పక్కింటి పిల్లాడికి ఫీజు కట్టు. ఫ్లాట్ పాడవకుండా చూసుకో. నేను వచ్చినప్పుడు కూర్చుని లెక్క చూద్దాం." అప్పుడు మీరు తినడం కూడా ఆయన పనే. మందులు కొనడం కూడా ఆయన పనే. కానీ మొత్తం 25 వేలకి లెక్క ఉంది. బైబిల్ చెప్పే గృహనిర్వాహకత్వం ఇదే. మన కోడింగ్ వాళ్ళ భాషలో చెప్పాలంటే అడ్మిన్ యాక్సెస్ ఇచ్చారు, ఓనర్‌షిప్ ఇవ్వలేదు.

సరే, ఇప్పుడు మత్తయి 25కి వద్దాం. తలాంతుల ఉపమానం. సండే స్కూల్లో మనకి దీన్ని ఎలా చెప్పారు? తలాంతు అంటే టాలెంట్. పాట పాడే టాలెంట్, కీబోర్డ్ వాయించే టాలెంట్. నిజానికి ఇంగ్లిష్‌లో టాలెంట్ అనే మాటకి ఆ అర్థం వచ్చిందే ఈ కథ వల్ల. యేసు ఆ కథ చెప్పినరోజు విన్నవాళ్ళకి తలాంతు అంటే డబ్బు. డబ్బు కూడా మామూలుగా కాదు, తూకం వేసి ఇచ్చేంత డబ్బు.

ఎంతో లెక్కేద్దాం. ఒక తలాంతు సుమారు 6,000 దేనారాలు. ఒక దేనారం అంటే ఒక కూలీకి ఒక రోజు జీతం, మత్తయి 20లో ద్రాక్షతోట కూలీలకి ఇచ్చింది అదే. సంవత్సరానికి 300 రోజులు పని దొరికిందనుకున్నా, ఒక తలాంతు అంటే 20 ఏళ్ళ కూలి! ఈరోజు రోజుకూలి 500 అనుకుంటే 30 లక్షలు. అంటే అయిదు తలాంతులవాడి చేతిలో కోటిన్నర. రెండు తలాంతులవాడి చేతిలో 60 లక్షలు. మనం "పాపం, ఒక్కటే దొరికింది" అనుకునే మూడోవాడి చేతిలో 30 లక్షలు. ఈ కథలో పేదవాడు ఎవరూ లేరు ఫ్రెండ్స్. దేవుడు మనకేం ఇచ్చాడు, వాళ్ళకి ఎక్కువ ఇచ్చాడు అని ఇన్‌స్టాలో పక్కవాళ్ళ రీల్స్ చూసి కుమిలిపోయే మనకి ఇది మొదటి దెబ్బ.

అయిదున్నవాడు పది చేశాడు. రెండున్నవాడు నాలుగు చేశాడు. రూపాయల్లో చూస్తే ఇద్దరికీ పోలికే లేదు. కానీ యజమాని ఇద్దరినీ మెచ్చుకున్న మాటలు తెరిచి చూడండి, 21వ వచనం, 23వ వచనం పక్కపక్కన పెట్టుకుని. దాదాపు అక్షరం పొల్లుపోకుండా ఒకటే. అయిదున్నవాడికి పెద్ద చప్పట్లు, రెండున్నవాడికి చిన్న చప్పట్లు లేవు. మన ఆఫీసుల్లో అప్రైజల్ అప్పుడు అందరినీ ఒక లైన్లో నిలబెట్టి ర్యాంక్ ఇస్తారు కదా, ఇక్కడ ఆ పద్ధతి లేదు. నీకిచ్చింది ఎంత, దానితో నువ్వేం చేశావు. పక్కవాడి షీట్ అక్కడ ఓపెన్ చేయరు.

మూడోవాడి దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. వాడు దొంగ కాదు. తాగి తగలేయలేదు. బెట్టింగ్ ఆడలేదు. భద్రంగా పాతిపెట్టాడు, ఆ రోజుల్లో డబ్బు పాతిపెట్టడం అనేది పిచ్చి పని కూడా కాదు, భద్రమైన పద్ధతే. యజమాని రాగానే మొత్తం తిరిగి ఇచ్చేశాడు. ఒక్క దేనారం తగ్గలేదు! మన లెక్కలో వాడు డీసెంట్ ఫెలో. "నేనెవరికీ అన్యాయం చేయలేదు, నా పని నేను చూసుకుంటున్నాను" అనే టైపు. కానీ కథలో శిక్ష పడింది వాడికే. కనీసం సాహుకార్ల దగ్గర పెట్టినా వడ్డీ వచ్చేది కదా అని యజమాని అడిగాడు.

వాడు ఎందుకు పాతిపెట్టాడో వాడే చెప్పాడు, భయం వేసింది అని. యజమాని కఠినుడు అనుకున్నాడు. 30 లక్షలు చేతిలో పెట్టి వెళ్ళినవాడిని కఠినుడు అనుకున్నాడు! నాకు అనిపిస్తుంది, లెక్క చెప్పాలి అనే మాట వినగానే మనకి పోలీస్ స్టేషన్ గుర్తొస్తే మనం కూడా పాతిపెడతాం. నమ్మి ఇచ్చాడు అని గుర్తొస్తే పని మొదలుపెడతాం. దేవుడికి లెక్క చెప్పడం అనేది ముందు ఆయన ఎలాంటివాడు అని మనం అనుకుంటున్నామో దాని మీద ఆధారపడి ఉంది.

ఇప్పుడు ఎక్సెల్ షీట్ బ్రదర్ దగ్గరికి వద్దాం. బ్రదర్, మీ ప్రశ్న తప్పేం కాదు. కానీ మత్తయి 23:23 చదవండి. యేసు కాలంలో మీకంటే పెద్ద ఎక్సెల్ షీట్‌వాళ్ళు ఉన్నారు. పెరట్లో పెరిగిన పుదీనాలో, సోపులో, జీలకర్రలో కూడా పదో వంతు తీసి ఇచ్చేవాళ్ళు. ఒకసారి ఊహించుకోండి, పుదీనా ఆకులు కింద పోసుకుని పది పది కుప్పలు పెట్టడం. అది చేయొద్దని యేసు అనలేదు. న్యాయం, కనికరం, నమ్మకత్వం వదిలేసి ఇది చేస్తున్నారేంటి అని అడిగాడు. గ్రాసా నెట్టా అని మీరు పెట్టిన శ్రద్ధలో సగం, మీ ఇంట్లో పనిచేసే అక్కకి జీతం ఎంత ఇస్తున్నారు, రూమ్మేట్‌కి ఇవ్వాల్సిన డబ్బు ఎన్ని నెలల నుంచి ఆపారు అనే దాని మీద పెట్టండి. అది కూడా అదే షీట్‌లో ఇంకో కాలమ్.

ఇక తమ్ముడూ, నీ ప్రశ్న. నేను నీ పాస్టర్‌ని కాదు, కాబట్టి నా మాట కంటే మార్కు 7వ అధ్యాయం నువ్వే చదువు. అక్కడ కొర్బాను అనే మాట వస్తుంది. అంటే దేవునికి అర్పితం అని. అప్పట్లో కొంతమంది ఏం చేసేవాళ్ళంటే, అమ్మానాన్నలకి ఉపయోగపడాల్సిన డబ్బుని ఇది కొర్బాను అని ప్రకటించేసేవాళ్ళు. ఇక అమ్మానాన్నలకి ఏమీ చేయక్కర్లేదు, పైగా భక్తిపరుడు అనే పేరు. యేసు దాన్ని మెచ్చుకోలేదు, దేవుని ఆజ్ఞనే కొట్టేస్తున్నారని మందలించాడు. తల్లిదండ్రులని సన్మానించు అన్నది కూడా ఆయన ఆజ్ఞే కదా. 1 తిమోతి 5:8 కూడా చూడు, సొంత ఇంటివాళ్ళని చూసుకోని విశ్వాసి గురించి పౌలు ఎంత గట్టిగా రాశాడో.

నాన్న మందుల కోసం నువ్వు పెట్టే డబ్బు దేవుడి దగ్గర దొంగిలించిన డబ్బు కాదు తమ్ముడూ. గృహనిర్వాహకుడు యజమాని చెప్పిన చోట పెట్టిన ఖర్చు అది. ఇవ్వాలని నీ మనసులో ఉంటే వందో, యాభయ్యో, సంతోషంగా ఇవ్వు. అప్పు చేసి ఇవ్వమని మాత్రం ఎవరు భయపెట్టినా భయపడకు.

ఇక్కడ ఒకరు కామెంట్ పెడతారు నాకు తెలుసు, "బీద విధవరాలు రెండు కాసులు, ఉన్నదంతా వేసింది కదా బ్రదర్" అని. వేసింది. లూకా 21లో ఉంది. కానీ దానికి సరిగ్గా ముందు, లూకా 20 చివర్లో ఏముందో కూడా చదవండి. విధవరాళ్ళ ఇళ్ళు మింగేసి, పైకి పొడుగు ప్రార్థనలు చేసే శాస్త్రుల గురించి యేసు హెచ్చరించాడు. ఆ వెంటనే ఈమె కాసులు వేసింది. అధ్యాయం నంబర్లు తర్వాత పెట్టినవి, కథ మాత్రం కంటిన్యూగా ఉంది. ఆమె విశ్వాసాన్ని చూపించి బీదవాళ్ళ దగ్గర పిండేవాళ్ళు, ముందున్న మూడు వచనాలు కూడా చదివి వినిపిస్తే బాగుంటుంది.

సరే, తొంభై లెక్క నిజంగా రాసుకుని బతికినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉన్నారు. జాన్ వెస్లీ, 1703లో పుట్టి 1791లో చనిపోయాడు. మెథడిస్ట్ ఉద్యమం ఆయనతో మొదలైంది. మన హైదరాబాద్‌లో వెస్లీ పేరు మీద చర్చిలు ఉన్నాయి కదా, ఆయనే.

ఆయన ఒక ప్రసంగంలో ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన ఒక యువకుడి గురించి చెప్పాడు. అది ఆయన సొంత కథే అని చాలామంది అంటారు. ఆ అబ్బాయికి మొదటి ఏడు 30 పౌండ్లు వచ్చాయి. 28 పౌండ్లతో బతికి 2 పౌండ్లు బీదలకి ఇచ్చాడు. రెండో ఏడు 60 వచ్చాయి. ఖర్చు మళ్ళీ 28, ఇచ్చింది 32. మూడో ఏడు 90 వచ్చాయి. ఖర్చు 28, ఇచ్చింది 62. నాలుగో ఏడు 120. ఖర్చు అదే 28, ఇచ్చింది 92.

అర్థమైందా? నాలుగేళ్ళు వరసగా హైక్ వచ్చింది, లైఫ్‌స్టైల్‌కి మాత్రం హైక్ ఇవ్వలేదు. మన సంగతి ఏంటి? ఆఫర్ లెటర్ పీడీఎఫ్ ఓపెన్ చేసే లోపే బైక్ మోడల్ ఫిక్స్. పదో వంతు ఇచ్చేవాళ్ళం కూడా జీతం 30 వేలు ఉన్నప్పుడు 3 వేలు, లక్ష అయినప్పుడు 10 వేలు ఇస్తాం. శాతం మారదు కాబట్టి మనకి తృప్తి. కానీ మన దగ్గర మిగిలేది 27 వేల నుంచి 90 వేలకి వెళ్ళింది, ఆ పెరిగిన 63 వేలు ఎక్కడికి వెళ్ళాయో ఎవరూ అడగరు.

నిజాయితీగా చెప్పాలంటే, ఆ అబ్బాయికి పెళ్ళి లేదు, హోమ్ లోన్ ఈఎంఐ లేదు, పిల్లల స్కూల్ ఫీజు లేదు. మనం 28 దగ్గరే ఆగిపోవాలని నేను అనట్లేదు, ఇక్కడ పప్పు, నూనె ధరలే ఏటా ఆగవు. కానీ నాకు ఎంత చాలు అని ఒక నంబర్ రాసుకున్నాడు చూడండి, అది నాకు నచ్చింది. మనలో ఎంతమందికి ఆ నంబర్ ఉంది? వెస్లీ 1790 దాకా, అంటే చనిపోయే ముందు ఏడాది దాకా, తన ఖర్చుల పుస్తకం తనే రాసుకున్నాడు.

డబ్బు వాడకం గురించి ఆయన ప్రసంగం ఇంకోటి ఉంది, లూకా 16 మీద. అందులో ఇవ్వడం కంటే ముందు సంపాదించడం గురించి మాట్లాడతాడు. కష్టపడి సంపాదించు అంటాడు, కానీ నీ ఆరోగ్యం పాడుచేసుకుని కాదు, పొరుగువాడిని పాడుచేసి అసలే కాదు. సారా లాంటివి అమ్మి జనాన్ని నాశనం చేసి సంపాదించేవాళ్ళ గురించి చాలా ఘాటుగా మాట్లాడాడు. ఇది మనకి నేరుగా తగిలే విషయం. మాలాంటి వీడియోలు చేసేవాళ్ళ మెయిల్‌కి బెట్టింగ్ యాప్‌ల ఆఫర్లు వస్తూ ఉంటాయి. ముప్పై సెకన్లు చెప్పు, ఇంత తీసుకో. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్స్‌ని నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంట్ చట్టం చేసింది, మంచిదే. కానీ చట్టం లేని రోజున కూడా విశ్వాసికి ఒక ప్రశ్న ఉంది కదా. ఆ ముప్పై సెకన్ల డబ్బులో పదో వంతు కానుక పెట్టెలో వేస్తే మిగతా తొంభై శుభ్రం అయిపోతుందా? ఆ యాప్ కోడ్ రాసే డెవలపర్‌కి కూడా ఇదే ప్రశ్న.

ఇప్పుడు కొంచెం ఇబ్బందికరమైన టాపిక్. ఎక్కడైనా డబ్బు లెక్క అడిగితే వచ్చే జవాబు ఒకటుంది. "నేను దేవునికి లెక్క చెప్పుకుంటాను, మనుషులకి కాదు." వినడానికి ఎంత ఆత్మీయంగా ఉంటుందో! రోమా 14:12 ప్రకారం ప్రతి ఒక్కరూ దేవునికి లెక్క చెప్పాల్సిందే, నిజమే. నా బదులు మా అమ్మ చెప్పదు, మీ బదులు మీ పాస్టర్ చెప్పడు. కానీ దాన్ని అడ్డం పెట్టుకుని మనుషుల దగ్గర తప్పించుకోవచ్చా?

పౌలుని చూడండి. యెరూషలేములో బీద విశ్వాసులు ఇబ్బందుల్లో ఉంటే మాసిదోనియలో, కొరింథులో డబ్బు పోగుచేశాడు. పెద్ద మొత్తం. అపొస్తలుడు కదా, నన్ను నమ్మండి, నేను తీసుకెళ్తా అనొచ్చు. అనలేదు. 2 కొరింథీ 8వ అధ్యాయం, 16 నుంచి చదవండి. తీతుని పంపాడు. ఒక్కడినే కాదు, తోడుగా ఇంకో ఇద్దరు సహోదరులని. వాళ్ళలో ఒకరిని సంఘాలే ఎన్నుకున్నాయి. ఎందుకు ఇంత ఏర్పాటు అంటే, ఈ డబ్బు విషయంలో ఎవరూ మమ్మల్ని వేలెత్తి చూపకూడదు, ప్రభువు ముందే కాదు, మనుషుల ముందు కూడా సరిగ్గా ఉండాలి అని కారణం కూడా రాశాడు. దేవునికి లెక్క చెప్పడానికి సిద్ధంగా ఉన్నవాడు మనుషులకి చూపించడానికి భయపడలేదు.

కాబట్టి మీ సంఘంలో లెక్కలు చదివి వినిపిస్తుంటే, దేవునికి స్తోత్రం, ఆ కుర్చీలో కూర్చుని శ్రద్ధగా వినండి, మధ్యలో ఫోన్ చూడకండి. వినిపించకపోతే మర్యాదగా అడగండి. సొసైటీగానో ట్రస్ట్‌గానో రిజిస్టర్ అయిన సంఘం ఎలాగూ చట్టప్రకారం లెక్కల పుస్తకాలు రాయాల్సిందే. అడగడం తిరుగుబాటు కాదు. అయితే ఒక్క కండిషన్. అయ్యగారి లెక్క అడిగే ముందు మన లెక్క మన దగ్గర ఉండాలి.

ఉందా? ఫోన్ మీ చేతిలోనే ఉంది కదా, ఈ వీడియో అయ్యాక యూపీఐ యాప్‌లో హిస్టరీ ఓపెన్ చేయండి. గత 30 రోజులు. స్క్రోల్ చేయండి. మనకి డైరీ రాసే అలవాటు లేదు కానీ ఈ యాప్ మన కోసం రాస్తూనే ఉంది. రాత్రి పదకొండుకి బిర్యానీ, చూడని ఓటీటీ ఆటోపే, ఎవరికో అర్జెంట్‌గా పంపిన 500, అమ్మకి పంపినవి. ఒక్కో ఎంట్రీ దగ్గర వెస్లీ అడగమన్న ప్రశ్న ఒకటి అడగండి. దీన్ని నేను ఓనర్‌లా ఖర్చుపెట్టానా, ఓనర్ మనిషిలా ఖర్చుపెట్టానా? బిర్యానీ తిన్నందుకు గిల్టీ అవ్వాలని కాదు. ఫ్రెండ్ జాబ్ పోయి డల్‌గా ఉంటే తీసుకెళ్ళి తినిపించిన బిర్యానీ అయితే, అది ఆ నెలలో మీరు పెట్టిన మంచి ఖర్చుల్లో ఒకటి కావచ్చు.

తర్వాత అదే ఫోన్‌లో స్క్రీన్ టైమ్ కూడా చూడండి. లూకా 16లో గృహనిర్వాహకుడి మీద వచ్చిన కంప్లైంట్ దొంగతనం కాదు, యజమాని ఆస్తి పాడుచేస్తున్నాడు, వృథా చేస్తున్నాడు అని. రోజుకి నాలుగు గంటలు రీల్స్ అంటే నెలకి 120 గంటలు, అంటే అయిదు పూర్తి రోజులు. నేను వీడియోలు చేసి బతికేవాడిని, ఇది చెప్తే నాకే నష్టం, అయినా చెప్తున్నా. ఈ ఎపిసోడ్ అయ్యాక ఆటోప్లే ఆపేయండి.

పై ఇద్దరికీ విడిగా రిప్లై కూడా పెట్టాను. తమ్ముడూ, మందుల విషయంలో ఇంకో మాట. జనరిక్ మందులు జన ఔషధి కేంద్రాల్లో తక్కువకే దొరుకుతాయి, డాక్టర్ గారిని ఒకసారి అడిగి మార్చుకోవచ్చేమో చూడు. అలా మిగిలింది ఎక్కడ పెట్టాలో నీకు తెలుసు, చెల్లి ఫీజు ఉంది.

వచ్చే వారం అప్పుల గురించి మాట్లాడదాం. క్రెడిట్ కార్డులు, లోన్ యాప్‌లు, పెళ్ళికి చేసే అప్పులు. మీ ప్రశ్నలు పంపండి, పేర్లు బయటపెట్టను. అప్పటిదాకా ఉంటాను ఫ్రెండ్స్, ప్రైజ్ ద లార్డ్.